తీగపాకం

డండీలో నవంబరు. నాలుగు కాకుండానే చీకటి.
టే నది మీద రైలు
వెలిగించిన కిటికీల్ని అవతలి ఒడ్డుకి మోసుకుపోతుంది.
నేను ల్యాబులో, మైనస్ ఎనభై ఫ్రీజర్ ముందు,
లావుపాటి తొడుగుల చేతులతో
పదకొండేళ్ళ రక్తం లెక్కపెడుతుంటాను.

మా ప్రశ్న చిన్నదే.
చక్కెర గుండెను ఏ దారిన చేరుతుంది?
కాలవలో పూడికలా నాళాల్లోంచా,
లేక కండరం లోపలే పోగు పోగునా
జిగురై అంటుకుంటుందా?
దీనికింతవరకు నాలుగు గ్రాంట్లూ, నా మోకాళ్ళూ,
రెండు వందల పన్నెండు మంది ఓపికా ఖర్చయ్యాయి.

అందులో నలభై ఒకటో నంబరు మోరాగ్ పెట్రీ.
జామ్ ఫ్యాక్టరీలో ముప్పై మూడేళ్ళు.
నన్ను 'హెన్' అంటుంది. ఈ ఊళ్ళో అది 'పిల్లా' అన్నంత.
నాకు యాభై రెండు.

"జామ్ అయిందని ఎలా తెలిసేది?"
ఛాతీకి తీగలు అంటిస్తూ అడిగాను.
"చల్లటి సాసర్ మీద ఒక్క చుక్క.
వేలితో తోస్తే ముడత పడాలి."
నవ్వొచ్చింది. మేం నీళ్ళ పళ్ళెంలో వేసి చూస్తాం.
లేతపాకం, తీగపాకం, ఉండపాకం,
ఒక్క నిమిషం ఏమరితే రాయి.
నీ గుండెలో మేం వెతుకుతున్నదీ ఆ పాకాన్నే అని
చెప్పడానికి ఆమె భాషలో మాట దొరకలేదు.

యంత్రం కాగితం కక్కింది.
రెండో తీగలో, మూడో తీగలో
ఉండకూడని చోట ఒక గుంట.
ఎప్పుడో మానిపోయిన గాయం చేవ్రాలు.
కిందటేడు లేదు.

"ఈ మధ్య నొప్పేమైనా?"
"లేదే."
"చెమట? ఆయాసం? నలత?"
పైకప్పు చూస్తూ ఆలోచించింది.
"జూన్‌లో ఒక మంగళవారం
బంగాళాదుంపల సంచితో హిల్‌టౌన్ ఎక్కుతూ
కాసేపు గోడకి ఆనుకున్నాను. ఎండనుకున్నా.
ఇంటికెళ్ళి సూప్ చేసుకున్నా."

సూప్ చేసుకుంది.
గుండెలో ఒక మూల చచ్చిపోతుంటే
నిలబడి ఉల్లిపాయలు తరిగింది.
నివురు గప్పిన నిప్పు అంటాం గానీ
దీనికి కాలిన వాసన కూడా లేదు.
నొప్పిని మోసుకొచ్చే నరాలను
చక్కెర ఎప్పుడో మచ్చిక చేసుకుంది,
కాపలాకుక్కకి బెల్లమ్ముక్క వేసిన దొంగలా.

పుస్తకాల్లో దీనికి పేరుంది: నిశ్శబ్ద గుండెపోటు.
పోటు అన్న మాటలోనే నొప్పి ఉంది కదా మనకి.
పోటు లేని పోటుని ఏమనాలి?

మార్చిలో ఫలితం వచ్చింది.
మందు తీసుకున్నవాళ్ళ గీతా, తీసుకోనివాళ్ళ గీతా
గ్రాఫు మీద ఒకే దుప్పట్లో పడుకున్నాయి.
రూరీ చివరి వాక్యం టైపు చేశాడు: తేడా కనిపించలేదు.
సంఖ్యలు అబద్ధమాడవు. సరే.
మోరాగ్ మాత్రం రోజుకి నాలుగు మాత్రలు మింగుతుంది,
హిల్‌టౌన్ సగంలో ఆగుతుంది,
అక్కడొక బెంచీ వేయమని కౌన్సిల్‌కి
ఇప్పటికి మూడు ఉత్తరాలు రాసింది.
ఆ బెంచీ మా పట్టికల్లో ఏ గడిలోనూ పట్టదు.

ఇంకో సంగతి, వ్యాసంలో రాయనిది.
పోలికకి జబ్బు లేనివాళ్ళ రక్తం కావాలని
ఏడేళ్ళుగా నాదీ ఇస్తున్నాను.
నలభై ఎనిమిది దగ్గర గీత. దాటితే షుగరే.
ఈసారి నాది యాభై ఒకటి.
రూరీ రెండుసార్లు చూశాడు. ఏమీ అనలేదు.
నా ట్యూబు తీసి పక్క వరసలో పెట్టి
మూత బిగించాడు, అవసరమైనదానికన్నా గట్టిగా.

ఆ సాయంత్రం బస్సెక్కలేదు.
హిల్‌టౌన్ మీదుగా నడిచాను.
సగంలో గోడకి ఆనుకుని
భుజం, దవడ, ఎడమచెయ్యి, వీపు
ఒక్కొక్కటే తడుముకుంటూ అడిగాను.
ఎక్కడా ఏ నొప్పీ లేదు.

మొదట్నుంచి మళ్ళీ అడిగాను.